యూరియా పచ్చదనం

హైదరాబాద్ చుట్టుపక్కల ఇంటి ముందు లాన్ ఉన్న ఏ కాలనీకి వెళ్లినా ఒకే మాట వినిపిస్తుంది. లాన్ చూసుకోవడం మాలీ పని, నెలకింత అని అతని చేతిలో పెడితే మన బాధ్యత తీరిపోయింది. రోజూ సాయంత్రం పైపుతో నీళ్లు కొట్టాలి. రంగు తగ్గితే గుప్పెడు యూరియా చల్లాలి. నెలకోసారి నేలకంటా కోయించాలి. ఇంత చేసినా ఏప్రిల్‌కల్లా గడ్డి మచ్చలు మచ్చలుగా ఎండిపోతే తప్పు మాలీది, లేదంటే మన ఎండలది. అప్పుడు పాతది పీకించి కొత్త గడ్డి కార్పెట్ పరిపించాలి. రెండుసార్లు అలా జరిగాక, "మన వాతావరణానికి లాన్ పనికిరాదండీ" అని తేల్చేసి ప్లాస్టిక్ గడ్డి వేయించుకోవాలి.

ఈ వరసలో ఒక్క మాట కూడా నిలబడదు. లాన్‌ను చంపేది ఎండ కాదు. మాలీ బద్ధకమూ కాదు. ఆ మాలీ చేత ఇంటివాళ్లు చేయిస్తున్న పనులే దాన్ని చంపుతున్నాయి. ఎంత కోయాలో, ఎప్పుడు తడపాలో, ఏది ఎందుకు చల్లాలో ఇంటివాళ్లకు పట్టనంత కాలం ఎంత జీతమిచ్చినా, ఎన్ని కార్పెట్లు మార్చినా ఫలితం ఒకటే.

ముందు ఎండ సంగతి చూద్దాం. నర్సరీలో బెర్ముడా అని అమ్మేది మన గరికే. వినాయక చవితి పత్రిలో మనం పెట్టే గరిక, పత్తి చేలో ఎన్నిసార్లు గుంటక తోలినా మళ్లీ మొలిచి రైతును ఏడిపించే గరిక. 27 నుంచి 35 డిగ్రీల వేడి దానికి హాయి. రోజుకు ఆరు గంటలకు తక్కువ కాకుండా నేరుగా ఎండ తగలకపోతేనే అది పలచబడుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే డాలస్‌లో మనవాళ్ల ఇళ్ల ముందు పెరుగుతున్నదీ ఎక్కువగా ఈ జాతే. పొలం గట్టు మీద ఎవరూ నీళ్లు పోయకుండా, ఎవరూ ఎరువు వేయకుండా వేసవి దాటుతున్న గడ్డి, మన ఇంటి ముందు ఇన్ని సేవల మధ్య ఎందుకు చస్తోంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా వాతావరణాన్ని నిందించడం న్యాయం కాదు.

జవాబు నేల కింద ఉంది. మచ్చలు పడుతున్న లాన్‌లో, ఇంకా పచ్చగా ఉన్న చోటే, చిన్న పారతో జానెడు చదరం ముక్కను లేపి చూడండి. పైన వేలెడు మందాన గోధుమరంగు ఎండు కాడల పొర కనిపిస్తుంది. బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగుతుంది. దాని కింద ట్రాక్టర్‌తో తోలించిన ఎర్రమట్టి రెండంగుళాలు. ఆ మట్టి అడుగున ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సరుకంతా ఉంటుంది: సిమెంటు పెచ్చులు, ఇటుక ముక్కలు, టైల్స్ పెంకులు, ఒక్కోసారి గోనెసంచి పీలికలు. ఇక వేళ్లు చూడండి. అంగుళం, మహా అయితే అంగుళన్నర కిందికి దిగి, అక్కడ గట్టి పొర తగిలి పక్కలకు తిరిగి ఉంటాయి. సవ్యంగా పెరిగిన గరిక వేళ్లు అడుగు లోతు దాటి ఎంతో కిందికి పోతాయి. అంగుళం వేళ్లతో బతుకుతున్న గడ్డి నిన్న సాయంత్రం పోసిన నీళ్లమీదే ఈ మధ్యాహ్నం దాకా నిలబడి ఉంది. ఒక్క రోజు మోటారు చెడినా, మాలీ ఊరికెళ్లినా అది వాడిపోక తప్పదు. పైకి పచ్చగానే ఉంది కాబట్టి ఇంతకాలం ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ వేళ్లను అలా కురచ చేసిన వాటిలో మొదటిది కోత. నేలకంటా కోయించడం మన దగ్గర దాదాపు ఆచారమైపోయింది. దానికి చెప్పే కారణాలు రెండు. పొట్టిగా కోస్తే నెల దాకా మళ్లీ కోయక్కర్లేదు, కూలి కలిసొస్తుంది అన్నది ఒకటి. గడ్డి పెరిగితే పాములు చేరతాయి అన్నది రెండోది. పాము భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, పిల్లలున్న ఇల్లు ఎవరికైనా భయమే. కానీ రెండంగుళాల గడ్డిలో పాము దాక్కోలేదు. పామును రప్పించేవి ప్రహరీ మూలన పేర్చిన ఇటుకలు, పాత కట్టెలు, వాటిలో కాపురముండే ఎలుకలు. అవి తీయించకుండా గడ్డిని గొరిగితే భయమూ పోదు, లాన్ కూడా దక్కదు.

కూలి మాటకొస్తే, ఆ ఆదా ఆదాయే కాదు. గడ్డికి తిండి తయారయ్యేది ఆకులో. ఆ తిండితోనే వేరు కిందికి సాగుతుంది. ఒక్కసారిగా ఆకంతా కోసేస్తే మొక్క వేరును వదిలేసి, మొదళ్లలో దాచుకున్నదంతా కొత్త ఆకు వేయడానికే ఖర్చుపెడుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన ఎఫ్.జె. క్రైడర్ రకరకాల గడ్లమీద ప్రయోగాలు చేసి ఫలితాలను 1955లోనే ప్రచురించాడు. ఆకులో సగానికి మించి ఒకేసారి కోస్తే వేళ్ల పెరుగుదల రోజుల తరబడి ఆగిపోతుందని, ఎంత ఎక్కువ కోస్తే అంత ఎక్కువ కాలం ఆగుతుందని అందులో తేల్చాడు. ఒక కోతలో ఆకు ఎత్తులో మూడోవంతుకు మించి తీయకూడదని గడ్డి నిపుణులు ఇప్పటికీ చెప్పేది ఇందుకే. ఇంటి లాన్‌లో గరికను అంగుళన్నర ఎత్తున ఉంచాలనుకుంటే, రెండుంబావు అంగుళాలకు పెరగగానే కోయాలి. వానాకాలంలో అది దాదాపు వారానికోసారి వస్తుంది, చలికాలంలో రెండు మూడు వారాలకు ఒకసారి. ఎండలు ముదిరాక మరో అర అంగుళం ఎత్తు పెంచాలి. ఎత్తుగా ఉన్న ఆకు నేలకు నీడనిస్తుంది, తేమను పట్టి ఉంచుతుంది, కలుపు గింజకు వెలుతురు అందనివ్వదు.

కోసే పనిముట్టు గురించి కూడా చెప్పాలి. భుజాన వేసుకుని తిప్పే బ్రష్ కట్టర్ రోడ్డు పక్క పిచ్చిగడ్డికి, గట్ల మీద ముళ్లపొదలకు. దానితో లాన్ కోస్తే ఒక చోట రెండంగుళాలు, పక్కనే బోడి నేల. మాలీ ఎంత నేర్పరి అయినా చేతిలో ఊగే యంత్రంతో సమంగా కోయలేడు. చక్రాల మీద నడిచే మూవర్ కావాలి. చిన్న లాన్ అయితే చేత్తో తోసే రీల్ మూవర్ చాలు, కరెంటు కూడా అక్కర్లేదు. ఏదైనా బ్లేడు పదునుగా ఉండాలి. మొండి బ్లేడు ఆకును కోయదు, చీలుస్తుంది. కోసిన మర్నాడు ఒక ఆకు తెంపి చూడండి. కొస తిన్నగా తెగి ఉంటే బ్లేడు బాగున్నట్టు. తెల్లటి పీచులు వేలాడుతూ ఉంటే చీలిందన్నమాట. ఆ చీలిన కొసలు ఎండి రెండు మూడు రోజుల్లో లాన్ మొత్తానికి గోధుమరంగు ఛాయ వస్తుంది. అప్పుడు ఇంటాయన "నీళ్లు చాలడం లేదు" అంటాడు. మాలీ మరో అరగంట నీళ్లు కొడతాడు. జబ్బు ఒకటి, మందు ఒకటి.

నీళ్ల దగ్గర అసలైన అపోహ ఉంది. రోజూ కాస్త కాస్త పోయడం ప్రేమ అనుకుంటారు చాలామంది. పై అర అంగుళం ఎప్పుడూ తడిగా ఉంటే వేరు కిందికి ఎందుకు వెళ్తుంది? నీళ్లు పైనే దొరుకుతున్నాయి కదా. కొత్తగా పరిచిన కార్పెట్‌కు మొదటి రెండు వారాలు రోజూ తడి కావాలి, అందులో తేడా లేదు. వేరు పట్టాక ఆ అలవాటు మానాలి. ఆ తర్వాత వేసవిలో వారానికి 25 నుంచి 30 మిల్లీమీటర్ల నీరు సరిపోతుంది. దాన్ని రెండు తడులుగా, చల్కా నేలైతే మూడు తడులుగా ఇవ్వాలి. ప్రతి తడీ నాలుగైదు అంగుళాల లోతుకు దిగాలి. దిగిందో లేదో తెలుసుకోవడానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ గుచ్చితే చాలు. తడి ఉన్నంత మేర సులువుగా దిగుతుంది, పొడి తగలగానే ఆగిపోతుంది.

లెక్క వేసుకోండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. 100 గజాల లాన్ దాదాపు 84 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల లెక్కన వారానికి 2,100 లీటర్లు. మీ పైపు కింద 15 లీటర్ల బకెట్టు ఒక నిమిషంలో నిండుతుందనుకుంటే, రోజూ అరగంట కొట్టే ఇంట్లో వారానికి 3,150 లీటర్లు పోతున్నాయి. అంటే ఒకటిన్నర రెట్లు నీళ్లు పోసి, అంగుళం వేళ్లు పెంచుకుంటున్నాం. ట్యాంకర్ కొనుక్కునే కాలనీల్లో కూడా ఇదే జరుగుతోంది. వాన పడిన రోజు కూడా అలవాటు కొద్దీ పైపు విప్పుతారు, నేను కళ్లారా చూసిన విషయమిది.

"సాయంత్రం పోస్తే ఆవిరి కాదు కదా" అనే వాదన వినడానికి బాగుంటుంది. రాత్రంతా ఆకు తడిగా ఉండటం బూజు తెగుళ్లకు కావలసిన పరిస్థితి. వానాకాలంలో గుండ్రటి మచ్చలు లేచే లాన్‌లలో చాలావాటికి సాయంత్రం తడులే కారణం. తెల్లవారుజామున పోయాలి. గాలి తక్కువ, ఎండ రాకముందే నీరు నేలలోకి దిగుతుంది, పొద్దెక్కేసరికి ఆకు ఆరిపోతుంది. ఆ వేళకు లేవలేనివాళ్లకు టైమర్ ఉన్న వాల్వులు దొరుకుతున్నాయి. అసలు ఎప్పుడు పోయాలో గడ్డే చెబుతుంది. నడిచివెళ్లిన అడుగుల గుర్తులు లేవకుండా అలాగే ఉండిపోతే, ఆకులు ముడుచుకుని రంగు నీలిబూడిదలోకి తిరిగితే అప్పుడు దాహం వేసినట్టు. అంతదాకా ఆగవచ్చు.

ఇక యూరియా. ఇందులో 46 శాతం నత్రజని. చల్లిన వారానికే ముదురాకుపచ్చ రంగు వస్తుంది కాబట్టి ఇదే వైద్యం అనుకుంటున్నాం. ఆ రంగు వెనక జరిగేది వేరు. ఆకు విపరీతంగా ఎదుగుతుంది, వేరు వెనకబడుతుంది, కాడలు ముదిరి మొదళ్ల దగ్గర ఇందాక చెప్పిన ఎండు పొర మందమవుతుంది, లేత ఆకుకు తెగుళ్లు త్వరగా సోకుతాయి. పెరిగింది కాబట్టి మళ్లీ నేలకంటా కోస్తారు. ఒక విడతకు చదరపు మీటరుకు 5 గ్రాముల నత్రజని మించకూడదు. 100 గజాలకు అది సుమారు 900 గ్రాముల యూరియా. తూచి, రెండు భాగాలు చేసి, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి చల్లి, వెంటనే తడపాలి. గుప్పిళ్లతో విసిరితే పడిన చోటల్లా మాడుతుంది. ఆ మాడిన మచ్చలను చూసి పురుగు పట్టిందని మందు కొట్టించే ఇళ్లు ఎన్నో. కోసిన గడ్డిని ఊడ్చి మున్సిపాలిటీ బండికి ఎత్తకుండా లాన్ మీదే వదిలేస్తే, ఏడాదికి కావలసిన నత్రజనిలో నాలుగోవంతు దాకా దాని నుంచే వస్తుంది. మూడోవంతు పద్ధతిలో కోసినప్పుడు రాలేవి చిన్న ముక్కలే, అవి త్వరగా కుళ్లి మట్టిలో కలిసిపోతాయి.

పసుపెక్కిన ప్రతి గడ్డికీ నత్రజని లోపం ఉండదు. ముదురాకులు ముందు పసుపెక్కితే నత్రజని తక్కువైనట్టు. లేతాకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదన్నమాట. ఉప్పు బోరు నీళ్లు పెట్టే చోట, అడుగున సిమెంటు, సున్నం ఉన్న చోట ఇది మామూలే. దానికి ఎంత యూరియా చల్లినా తగ్గదు. వేరుశనగ రైతు దశాబ్దాలుగా చేస్తున్నదే మనమూ చేయాలి: లీటరు నీటికి ఇనుమునిచ్చే అన్నభేది 5 గ్రాములు, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ. ఈ తేడా తెలియాలంటే వంగి ఆకును చూడాలి. ఆ పని గేటు దగ్గర నిలబడి చెల్లింపు చేసేవారివల్ల కాదు.

కలుపు, పురుగు మందుల విషయంలో నాకు కోపమే వస్తుంది. తుంగను ప్రపంచంలోకెల్లా మొండి కలుపుగా 1977లోనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పైన పీకితే కింద గడ్డలు మిగిలి మళ్లీ లేస్తాయి. దాంతో విసిగి గ్లైఫోసేట్ తెప్పించి కొట్టిస్తారు. అది తుంగతో పాటు లాన్‌నూ చంపుతుంది. దాన్ని ఎవరుపడితే వాళ్లు వాడకూడదని, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్ల ద్వారానే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. చెదలకని, వేరుపురుగుకని నీళ్లలో కలిపి కుమ్మరించే క్లోరోపైరిఫాస్‌ను యూరోపియన్ యూనియన్ 2020లోనే ఆపేసింది. పిల్లల ఆరోగ్యం మీద ఆందోళనే దానికి ముఖ్య కారణం. మన పిల్లలు ఒట్టి కాళ్లతో ఆడుకునే నేల మీద ఏ మందు పడిందో మనకు తెలియకపోవడం, మాలీ చేతికి గ్లౌజు కూడా లేకుండా దాన్ని కలిపించడం తప్పు. మాలీ మీదకు నెట్టేస్తే ఆ తప్పు మాసిపోదు.

అలాగని, "నిపుణులెందుకు, డబ్బు దండగ, అన్నీ మనమే చేసుకోవచ్చు" అనే రెండో వాదాన్నీ నేను ఒప్పుకోను. నిపుణుడు కావాలి, కాకపోతే పైపు పట్టుకోవడానికి కాదు. నేల పరీక్ష చేయించి ఆ కాగితాన్ని చదవగలగడానికి, గట్టిపడిన నేలలో బోలు గొట్టాల యంత్రంతో మూడంగుళాల మట్టి కడ్డీలు తీసి గాలి ఆడేలా చేయడానికి, పల్లం చూసి నీరు నిలవకుండా వాలు సరిచేయడానికి, మచ్చ తెగులుదా పురుగుదా పోషక లోపమా అని గుర్తుపట్టడానికి కావాలి. వ్యవసాయ శాఖ ప్రయోగశాలలు జిల్లాల్లో ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, ములుగులోనూ వెంకటరామన్నగూడెంలోనూ ఉద్యాన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. లాన్ మీద ఏటా వేలు పోస్తున్నవాళ్లలో ఒక్కసారైనా మట్టి పరీక్ష చేయించినవాళ్లు ఎంతమంది?

అమెరికాలోని మన బంధువులు తక్కువేమీ తినలేదు. అక్కడ మాలీ బదులు కంపెనీ ఉంటుంది, అది క్యాలెండర్ చూసి మందు కొట్టి గేటుకు చీటీ తగిలించి వెళ్తుంది. అవసరం ఉందా లేదా అని అడిగేవారు తక్కువ. టెక్సాస్‌లో అయితే ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయం ప్రయోగశాల ఇంటి లాన్‌ల మట్టిని కూడా కొద్ది ఖర్చుతో పరీక్షిస్తుంది. కంపెనీ ఒప్పందం కంటే ముందు చేయించాల్సిన పని అది.

మన మాలీల గురించి ఒక మాట. పొద్దున నుంచి పది ఇళ్లు తిరిగే మనిషిని మనం గంట పనికి, కనిపించిన హాజరుకు లెక్కగట్టి ఇస్తున్నాం. తెలివికి ఇవ్వడం లేదు. "సార్, ఈసారి కోయొద్దు, ఎండ ఎక్కువగా ఉంది" అని అతనంటే పని ఎగ్గొడుతున్నాడనుకుంటాం. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ ఇంట్లో సరిగ్గా ఆలోచిస్తున్నది అతనొక్కడే. అతనికి మంచి మూవర్ కొనిపెట్టండి. బ్లేడు సాన పట్టించడానికి డబ్బివ్వండి. ఒక ఇంటి కలుపు గింజలు, బూజు ఇంకో ఇంటికి చేరకుండా, వచ్చేముందు యంత్రం కడిగి తెమ్మనండి. ఏ డబ్బా తెచ్చినా లేబుల్ చూపించనిదే కలపొద్దని చెప్పండి. కోత ఎత్తు ఎంతో, తడి ఏ రోజుల్లోనో కాగితం మీద రాసి గోడకు అంటించండి.

నీళ్లు లేని నగరాల్లో లాన్ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తోటలకు తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. ఆ రోజు మనకూ రావచ్చు. అందుకే పిల్లలు ఆడే మేరకు, మనం కూర్చునే మేరకు లాన్ ఉంచుకుని మిగతాది తగ్గించాలి. మామిడి చెట్టు కింద, వేప చెట్టు కింద గరిక బతకదు, అక్కడ ఏటా కార్పెట్ కొనడం మానేసి నీడ మొక్కలు వేసుకోవాలి. ప్లాస్టిక్ గడ్డి మాత్రం దీనికి పరిష్కారం కాదు. ఎండలో దాని ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది, పిల్లలు పాదాలు పెట్టలేరు. ఆ వేడి తగ్గించాలంటే దాని మీదా నీళ్లు కొట్టాలి.

ఈసారి తొలకరికి కొత్త కార్పెట్‌కు బయానా ఇచ్చేముందు పాత లాన్‌లో ఒక ముక్క తవ్వి వేళ్ల పొడవు చూడండి. అడుగున పెచ్చులుంటే ముందు అవి తీయించండి, మట్టి పరీక్ష చేయించండి, మాలీని పక్కన కూర్చోబెట్టుకుని కోత ఎత్తు మాట్లాడుకోండి. అవి చేయకుండా పరిచిన కార్పెట్ వచ్చే ఏప్రిల్‌కు మళ్లీ ఎండుతుంది.